ఆకురాయి పట్టినవాడి కంటికి పిస్తోలు

ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముందు కాసేపు నిలబడి చూడండి. టిక్కెట్ల దగ్గర క్యూ. మొక్కజొన్న పొత్తులు పట్టుకున్న పిల్లలు, పెళ్లికని ఊరొచ్చి బీచ్ చూడ్డానికి బయల్దేరిన చుట్టాలు, ఒడిశా నుంచి బస్సులో దిగినవాళ్లు. అందరూ వంగి వంగి ఆ జలాంతర్గామిలోకి దూరి, టార్పెడో గొట్టాల ముందు ఫోటోలు దిగి, "ఇంత ఇరుకులో ఎలా బతికార్రా నాయనా" అనుకుంటూ అటువైపు తేలతారు. రోడ్డు దాటితే టీయూ-142 విమానం. అక్కడా జనమే. ఓడల్ని ముంచడానికి, జలాంతర్గాముల్ని వేటాడటానికి కట్టిన యంత్రాలను చూసి ముచ్చటపడినందుకు వీళ్లనెవరూ హింసావాదులు అనరు. పాత పిస్తోళ్లంటే ఇష్టమని నేను నోరు జారితే మాత్రం ఎదుటి మనిషి కుర్చీ కాస్త వెనక్కి జరుగుతుంది.

అలా జరగడంలో కొంత న్యాయం ఉంది. జలాంతర్గామిని ఎవరూ నడుముకు దోపుకుని బజారుకు పోలేరు. పిస్తోలు పుట్టిందే అందుకు. 1948 జనవరి 30న గాంధీగారి మీద పేలింది బెరెట్టా ఎం1934 అనే సెమీ ఆటోమేటిక్ పిస్తోలు. 1914లో సారాయెవోలో ఆస్ట్రియా యువరాజును బలి తీసుకున్నది ఎఫ్ఎన్ 1910. దాన్ని రూపొందించింది జాన్ బ్రౌనింగ్. నేను ఇక్కడ పొగడబోయేది ఆ బ్రౌనింగ్ పనినే కాబట్టి ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. "తుపాకీ ఏం చేసింది, తప్పంతా మనిషిదే కదా" అనే మాట నాకు రుచించదు. అది మరీ చవక వాదన. పిస్తోలు ఏ పనికి తయారైందో తెలిసే దాని గురించి మాట్లాడాలి.

నేను చెప్పదలచుకున్నది వేరు. ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో తయారైన ఒక పాత పిస్తోలును తీసుకుని, ఒక మనిషి చేతికీ ఒక పనికీ సరిపడేలా మళ్లీ మలచడం ఇనుముతో చేసే పనుల్లో బాగా కష్టమైనది. ఆ పనిని మెచ్చుకోవడానికి పిస్తోలు మన సొంతం కానక్కర్లేదు. సొంతం చేసుకున్నవాళ్లలోనే చాలామందికి ఆ పని కంటికి ఆనదు. మన విశాఖ జనానికి ఆనాలి. ఎందుకంటే ఇది ఫిట్టర్ల ఊరు.

డాక్‌యార్డు, షిప్‌యార్డు, బీహెచ్‌పీవీ, స్టీల్‌ప్లాంటు, ఆటోనగర్. ఈ ఊళ్లో ఏ వీధిలో రాయి వేసినా ఒక ఫిట్టరుకో టర్నరుకో తగులుతుంది. నేనూ కంచరపాలెం వైపు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివి, గాజువాకలో టూల్‌రూమ్ పనిలో స్థిరపడ్డవాణ్ని. ఐటీఐలో మొదట ఇచ్చేది ఒక ఇనుప దిమ్మె, ఒక ఆకురాయి. దిమ్మెను చదరంగా, మట్టంగా రాయాలి, అంటే ఆకురాయితో అరగదీయాలి. మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి చూస్తే సందులోంచి వెలుగు రాకూడదు. మా ఇన్‌స్ట్రక్టర్ గారు శ్రీకాకుళం మనిషి. నేను ఎంత రాసి తీసుకెళ్లినా ఒక కన్ను మూసి చూసి, "ఏటిరా, అంత వెలుగు కనబడతంటే అయిపోయిందంటావేటి? ఇంకా రాయి" అనేవారు. తర్వాత మేల్, ఫిమేల్ ముక్కలు. ఒకదానిలో ఒకటి దూరాలి, ఎటు తిప్పి పెట్టినా కదలకూడదు. బ్లూ అనే గుర్తు రంగు పూసి కలిపి, విడదీసి, రంగు ఎక్కడ అంటుకుందో చూసి అక్కడ మాత్రమే రాయాలి. ఆ చదువు చదివినవాడికి 1911 అనే పిస్తోలు లోపలి బొమ్మ చూపిస్తే ఇక వదలడు.

1911 అంటే ఆ ఏడాది మార్చి 29న అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ పిస్తోలు. .45 తూటా, మ్యాగజీన్‌లో ఏడు, అయిదంగుళాల బ్యారెల్, ఖాళీగా ఉన్నా కిలో పైనే బరువు. 1985లో బెరెట్టా వచ్చేదాకా అదే వాళ్ల ప్రధాన పిస్తోలు. డెబ్బయ్యేళ్లకు పైగా ఒకే డిజైను నిలబడింది. కారణం లోపలి అమరికలో ఉంది. బ్యారెల్ వీపు మీద గట్లుంటాయి, అవి స్లైడ్ (బ్యారెల్‌ను కప్పి ముందుకూ వెనక్కూ జరిగే పైభాగం) లోపలి గాళ్లలో కూర్చుంటాయి. తూటా పేలగానే బ్యారెల్, స్లైడ్ పట్టు విడవకుండా కలిసి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి వస్తాయి. ఆ లోపు తూటా బయటపడి, గొట్టంలో పీడనం తగ్గిపోతుంది. అప్పుడు కింద ఉన్న చిన్న లింకు బ్యారెల్ తోకను కిందికి లాగుతుంది, గట్లు గాళ్లలోంచి జారతాయి, స్లైడ్ ఒక్కటే వెనక్కిపోయి ఖాళీ తొడుగును విసిరేసి కొత్త తూటాతో తిరిగొస్తుంది. ఇంకో ముచ్చట ఏమిటంటే, దీన్ని పూర్తిగా విప్పడానికి పెద్దగా పనిముట్లు అక్కర్లేదు. లోపలి భాగాలతోనే మిగతా భాగాలను విప్పుకోవచ్చు. యుద్ధంలో స్క్రూడ్రైవర్ వెతుక్కునే తీరిక ఉండదని బ్రౌనింగ్‌కు తెలుసు.

బురదలో పడినా పనిచేయాలని సైన్యం కోరింది. ఎవరు తయారుచేసిన భాగం ఎవరి తుపాకీలో వేసినా ఇమడాలనీ కోరింది. రెండో ప్రపంచ యుద్ధంలో రెమింగ్టన్ రాండ్ అనే టైపురైటర్ల కంపెనీ లక్షల్లో వీటిని తయారుచేసింది. అందుకని భాగాల మధ్య కావాలనే కాస్త వదులు ఉంచారు. చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది. యుద్ధానికి అది సరిపోతుంది. 50 గజాల దూరంలో, పది మార్కుల వలయం సుమారు 3.4 అంగుళాలే ఉండే కాగితం మీద ఒంటి చేత్తో కాల్చే పోటీకి సరిపోదు. మనిషి చేతికి తగ్గట్టు మలిచే కస్టమ్ పని మొదలైంది అక్కడే.

ముందు బ్యారెల్. ప్రతి తూటాకీ అది ముందూ వెనకా సరిగ్గా అదే చోటికి తిరిగి వచ్చి కూర్చోవాలి. స్లైడ్ తన కింది భాగమైన ఫ్రేమ్ మీద గలగలమంటోందని కొత్తవాళ్లు కంగారుపడతారు గానీ, గురికి అంతకంటే ముఖ్యం బ్యారెల్ స్లైడ్‌లో ఎలా కూర్చుందన్నది. ముందు వైపు బ్యారెల్ మూతిని పట్టుకునే బుషింగ్, వెనక వైపు గట్లు, అడుగున లింకు దగ్గర పాదాలు. మూడు చోట్లా బ్లూ పూసి, అంటుకున్న చోట రాసి, మళ్లీ పూసి చూడాలి. మా మేల్, ఫిమేల్ ముక్కల పనే. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ ముక్కలు కదలాలి, కదిలాక మళ్లీ కదలనట్టు కూర్చోవాలి. ఎక్కువ రాసేస్తే ఆ బ్యారెల్ పనికిరాదు. తక్కువ రాస్తే పిస్తోలు మధ్యలో బిగుసుకుంటుంది.

తర్వాత ట్రిగ్గర్. సియర్ అనే బుల్లి ముక్క, తూటాను పేల్చే సుత్తి లాంటి హ్యామర్ కొక్కేన్ని పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు అర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది, అంతే. ఆ రెండు ముఖాలూ అద్దంలా ఉండి, కోణం సరిగ్గా ఉంటే వేలు నొక్కినప్పుడు గాజు పుల్ల విరిగినట్టు తెగుతుందని దాన్ని ఇష్టపడేవాళ్లంటారు. ఇందాక చెప్పిన ఒంటి చేతి పోటీల్లో, వాటినే బుల్స్ఐ అంటారు, .45 ట్రిగ్గర్ నొక్కడానికి పట్టాల్సిన కనీస బరువు 3.5 పౌండ్లు, అంటే దాదాపు 1.6 కిలోలు. చేయి తిరిగినవాడు ఆ గీత దగ్గరికి వెళ్లి ఆగుతాడు. తిరగనివాడు ఇంకా తేలిక చేద్దామని పోయి, స్లైడ్ మూసుకున్న అదురుకే హ్యామర్ పడిపోయే ప్రమాదకరమైన వస్తువును తయారుచేస్తాడు. ఎక్కడ ఆగాలో తెలియడమే ఇందులో పనితనం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది చెకరింగ్. పిడి ముందు భాగం ఫ్యాక్టరీ నుంచి నున్నగా వస్తుంది, చెమట చేతిలో జారుతుంది. దాని మీద అంగుళానికి ఇరవై గీతల చొప్పున నిలువుగా, మళ్లీ అడ్డంగా గాళ్లు తీస్తే చిన్న చిన్న సూది మొనలు తేలతాయి. పైగా అది వంపు తిరిగిన ఉక్కు. గీత గీతకూ ఆకురాయి కోణం మారుతూ ఉండాలి. ఇరవై అయిదు, ముప్పై గీతలు తీసేవాళ్లూ ఉన్నారు. ఒక్క గీత పక్కకు జారితే వెనక్కి రావడానికి దారి లేదు, ఫ్రేమ్ మందమూ అంతంత మాత్రమే. చేత్తో ఇది తీసినవాడికి నేను లేచి నిలబడి దండం పెడతాను.

పాతదాన్ని ముట్టుకోకూడదు, ఒరిజినల్‌గా ఉంచడమే భక్తి అనేవాళ్లతో నాకు సగం పేచీ. ఆ ఒరిజినల్ కూడా ఒకసారి సరిదిద్దుకున్నదే కదా. మొదటి ప్రపంచ యుద్ధం అనుభవంతో 1920ల్లో సైన్యమే దాన్ని మార్చించింది. ట్రిగ్గర్ పొట్టిది చేశారు, దాని వెనక ఫ్రేమ్‌ను వేలికి చోటిస్తూ చెక్కారు, వెనక పిడికి వంపు తెచ్చారు, హ్యామర్ చేతి కండను కొరకకుండా, పిడి వెనక ఉండే గ్రిప్ సేఫ్టీ అనే మీట తోకను పొడుగు చేశారు. అలా వచ్చిందే 1911ఏ1. ఇప్పుడు ప్రతి కస్టమ్ పిస్తోలు మీదా కనిపించే వెడల్పాటి బీవర్‌టెయిల్ ఆ తోక పొడుగు చేయడానికి తర్వాతి మెట్టు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం తెగి రక్తం వచ్చినవాడికి అది అలంకారంలా కనబడదు.

మిగతా సగం పేచీ వాళ్ల తరఫున. కుట్టుమిషన్ల సింగర్ కంపెనీ 1941లో ఈ పిస్తోళ్లను 500 మాత్రమే తయారుచేసింది. అలాంటిదాని మీద ఆకురాయి పెట్టేవాడి చెయ్యి పట్టుకుని ఆపాలి. యుద్ధం తర్వాత మిగులు సరుకుగా చవగ్గా దొరికిన రోజుల్లో ఎన్నో మంచి సైనిక పిస్తోళ్లను పోటీలకని కోసేశారు. చరిత్ర ఉన్నదాన్ని చరిత్రకు వదలాలి. మామూలుదాన్ని పనికి మలచుకోవాలి. ఈ రెండూ కలిపి మాట్లాడటం వల్లే అభిమానుల మధ్య సగం గొడవలు.

కస్టమ్ పనిలో ఫ్యాషన్లూ వచ్చిపోతుంటాయి. కాలిఫోర్నియాలో ఆర్మండ్ స్వెన్సన్ అనే పిస్తోలు పనివాడు రెండు వైపులా వాడుకునే సేఫ్టీతో (పేలకుండా ఆపే మీటతో) పేరు తెచ్చుకున్నాడు. అది నిలిచింది, ఎందుకంటే ఎడమచేతివాటం వాళ్ల ఇబ్బంది నిజమైనది. ఆయన పిస్తోళ్ల మీద కనబడే చతురస్రపు ట్రిగ్గర్ గార్డు కూడా ఒకప్పుడు మోజే. రెండో చేతి చూపుడువేలు దాని ముందు ఆనించి పట్టుకునే రోజుల్లో దానికి అర్థముంది. పట్టుకునే పద్ధతి మారింది, ఆ చతురస్రం పాత ఫోటోల్లో మిగిలిపోయింది. 1976లో మిస్సోరిలోని కొలంబియాలో ఐపీఎస్‌సీ అనే పోటీల సమాఖ్య మొదలయ్యాక మార్పుల వేగం ఇంకా పెరిగింది. దాని మొదటి అధ్యక్షుడు జెఫ్ కూపర్ కోరింది మాత్రం కొంచెమే. కంటికి ఆనే సైట్లు (గురి చూసే గుర్తులు), మంచి ట్రిగ్గర్, చేతికి గీసుకోని అంచులు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో చూపించే స్లైడ్ నిండా కిటికీలు, బంగారు రంగు బ్యారెల్, రంగురంగుల పిడి పలకలు చూస్తే నాకు పెళ్లి డెకరేషన్ గుర్తొస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. దాన్ని కాల్చినవాడి ఏ ఇబ్బంది తీరిందో మాత్రం నాకు అర్థం కాదు.

మా చెల్లెలు వాళ్లు డాలస్ దగ్గర ఉంటారు. మా బావగారు సాఫ్ట్‌వేర్, అక్కడి పౌరసత్వం వచ్చింది, ఆయనకు ఈ పిచ్చి నా కంటే ఎక్కువ. నేను వెళ్లినప్పుడు రేంజికి తీసుకెళ్లారు. టూరిస్టు వీసా మీద ఉన్నవాడు తుపాకీ చేతబట్టడానికి అక్కడి ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు ఉన్నాయి గానీ నాకేమీ లేవు. అందుకని ఆయన కాలుస్తుంటే చెవులకు మఫ్‌లు పెట్టుకుని వెనక నిలబడ్డాను. అయ్యాక మ్యాగజీన్ తీసి, స్లైడ్ వెనక్కి లాక్ చేసి, బల్ల మీద పెట్టి, నేను అడిగిన వైపుకల్లా ఆయనే తిప్పి చూపించారు. నా చేతులు వెనక్కి కట్టుకుని, జేబులోంచి తీసిన భూతద్దం కంటికి పెట్టుకుని వంగి చూశాను. పక్క లేన్ ఆయన మమ్మల్ని చూసి ఏమనుకున్నాడో తెలియదు.

"బావగారూ, ఈ గీతలు మెషీన్ మీద కొట్టారా, చేత్తో తీశారా?" అని అడిగాను.

"అదేంటండీ, ఎప్పుడూ ఆలోచించలేదే. గ్రిప్ మాత్రం అదిరిపోతుంది" అన్నారు.

మన లెక్కలో మూడు నాలుగు లక్షలు పోసి, చాలాకాలం వరుసలో ఉండి తెప్పించుకున్న వస్తువు. తయారుచేసిన పెద్దమనిషికి ఆయన ఆ రాత్రే మెయిల్ పెట్టారు. చేత్తోనే తీశానని జవాబు వచ్చింది. వంపు తిరిగే అంచు దగ్గర మొనలు ఒక పిసరు తేడాగా ఉండటం నేను భూతద్దంలో చూసే ఉన్నాను. బావగారు చేతిలో పెట్టుకుంటే కళ్లు మూసుకున్నా ముందు సైట్ గురి మీదికే వస్తుందంటారు. అది ఆయన అనుభవం, కాదనను. నేను దాన్ని తాకనైనా తాకలేదు. అయినా ఆ పిస్తోలులో ఎక్కువ భాగం చూసినది నేనేనని నా నమ్మకం.

ఇక్కడి సంగతికొస్తే, క్లాసిక్ పిస్తోలు మనకు మరీ పరాయిదేమీ కాదు. మన సైన్యం, పోలీసులు దశాబ్దాలుగా వాడిన 9 ఎం.ఎం. పిస్తోలు ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైనది. దాని మూలం బ్రౌనింగ్ హై పవర్. బ్రౌనింగ్ 1926లో బెల్జియంలో, పనిచేస్తున్న ఫ్యాక్టరీలోనే కన్నుమూశాక, ఆ డిజైనును అక్కడి డిజైనర్ డ్యూడొనే సేవ్ పూర్తిచేస్తే 1935లో బయటికొచ్చింది. పదమూడు తూటాల మ్యాగజీన్, 1911లోని లింకు బదులు బ్యారెల్ కిందే చెక్కిన వాలు. కస్టమ్ పనివాళ్లు హై పవర్‌ను కూడా వదల్లేదు. మ్యాగజీన్ తీస్తే పేలకుండా ఆపే ఏర్పాటు దాని ట్రిగ్గర్‌ను మొరటు చేస్తుంది, దాని హ్యామర్ కూడా చేతిని కొరుకుతుంది. వాళ్ల పనంతా ఈ రెండింటి చుట్టూనే.

మనం మాత్రం దాన్ని ముట్టుకోలేం, ముట్టుకోకూడదు. 9 ఎం.ఎం. మనకు ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషిద్ధ రకం. మామూలు లైసెన్సుదారుకు దొరికేది .32 లాంటివి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. తయారీ సరే, మరమ్మతుకూ మార్పుకూ కూడా 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి. ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేత్ షాపుకి ఒకాయన పాత తుపాకీ ఫైరింగ్ పిన్ను గుడ్డలో చుట్టి తెచ్చాడు. అలాంటిదే ఇంకోటి తిప్పి ఇమ్మన్నాడు. పది నిమిషాల పని. షాపాయన దాన్ని విప్పి కూడా చూడకుండా, "లైసెన్సున్న డీలర్ దగ్గరికెళ్లండి బాబూ, నా పొట్ట కొట్టకండి" అని పంపేశాడు. సరిగ్గా చేశాడు. మన్యంలో నాటు తుపాకీ చేతిలోనే పేలి వేళ్లు పోగొట్టుకున్న కథలు మనకు కొత్త కాదు. అమెరికాలో ఇది హాబీ కావచ్చు, ఇక్కడ మాత్రం నేరం. ఈ విషయంలో నేను చట్టం పక్షమే.

నాకు చిరాకు తెప్పించేది ఇంకోటి. మన దగ్గర తుపాకీ అంటే రెండే చూపులున్నాయి. ఒకటి వీరగాథ. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన కథ మన ప్రాంతంలో ప్రతి పిల్లాడికీ తెలుసు. రెండోది హోదా. ఫంక్షన్లో చొక్కా కాస్త పైకి లేచేలా కూర్చుని నడుముకున్న రివాల్వర్ చూపించే పెద్దమనుషులు. ఆ రివాల్వర్‌ను విప్పి శుభ్రం చేయడం వచ్చా అని అడిగితే వాళ్లకు కోపం వస్తుంది. దాన్ని ఒక పనిగా, ఎవరో కూర్చుని రాసి అమర్చిన యంత్రంగా చూసే మూడో చూపు మనకు అలవాటు కాలేదు.

ఒక్క చోట అలవాటైంది. షూటింగ్ రేంజిలో. ఎయిర్ పిస్తోలు నేర్చుకునే పిల్లలు చెక్క పిడికి వుడ్ పుట్టీ పెట్టి, ఆరాక చేతికి అమరేదాకా గీకి, మళ్లీ పెట్టి, నెలల తరబడి దానితో కుస్తీ పడతారు. మొత్తం పిస్తోలు 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలని రూలు, ఆ లోపల ఎవరి చెయ్యి వాళ్లది. 1994 హిరోషిమా ఏషియాడ్‌లో జస్పాల్ రాణా సెంటర్‌ఫైర్ పిస్తోలులో బంగారం గెలిచినప్పుడు మనం గురినే పొగిడాం. గురి వెనక ఒక పిడి ఉంటుంది, దాన్ని చేతికి కూర్చోబెట్టిన గంటలుంటాయి. రేంజిలో ఆ పిల్లలు చేసేదీ, కాలిఫోర్నియాలో స్వెన్సన్ చేసిందీ ఒక జాతి పనే. మనకు చట్టం ఒప్పుకునే కస్టమ్ పని కూడా ఇదే. దీన్ని ఎవరైనా తల్లిదండ్రులు "వేలకు వేలు పోసి కొన్న గ్రిప్‌ని పాడుచేస్తున్నావేంట్రా" అని ఆపబోతే దయచేసి ఆపకండి.

ఇంతా చెప్పాక, నీకే ఒకటి చేయించుకునే వీలుంటే ఎలా చేయిస్తావని బావగారు ఫోన్‌లో అడిగారు. నా జాబితా పొట్టిదే. మామూలు 1911ఏ1, సింగరూ రెమింగ్టనూ కాని, చరిత్ర లేని ఫ్రేమ్. చేత్తో కూర్చోబెట్టిన బ్యారెల్. 4 పౌండ్ల ట్రిగ్గర్, అంతకంటే తేలిక వద్దు. అంగుళానికి ఇరవై గీతలు, ముందు వైపు మాత్రమే. కనబడే సైట్లు. బీవర్‌టెయిల్ ఉండాలి, నా చెయ్యి లావు. రెండు వైపుల సేఫ్టీ నాకు అక్కర్లేదు. స్లైడ్ మీద రాత ఏదీ వద్దు.

ఒక్క పైపూత దగ్గరే మాకు కుదరలేదు. ఆయన లోతైన నీలి బ్లూయింగ్ అంటారు. అందంలో దాన్ని కొట్టేది లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆయనుండేది డాలస్. మా వీధిలో ఒక పెద్దాయన ఎన్నికల కోడ్ వచ్చిందని తాతల నాటి .32 పిస్తోలును ఠాణాలో అప్పగించి వస్తే, తిరిగిచ్చేసరికి దాని బ్లూయింగ్ నిండా ఎర్రటి చుక్కలు. నూనె గుడ్డ చుట్టి ఇచ్చినా అదీ సంగతి. ఈ ఊరి ఉప్పుగాలి కిటికీ చువ్వల్నే తినేస్తుంది. కాబట్టి హార్డ్ క్రోమ్, మెరుపు లేని బూడిదరంగులో. "స్టెయిన్‌లెస్ స్లైడ్ వేయించి పైన నల్ల పూత పెట్టించొచ్చు కదండీ" అని ఆయన ఇంకా బేరమాడుతున్నారు.